చక్కెర అయిపోయేదాకా

నేను చూసినవాళ్ళందరిలోకీ క్రమశిక్షణ గల ఉద్యోగి ఒక గొర్రెల కాపరి. ఒక్కరోజు ఆలస్యంగా రాలేదు, ఒక్కరోజు పని చేయనూ లేదు. ఆయనా నేనూ ఒకే దుకాణంలో ఒకే వారంలో చేరాం కాబట్టి ఈ మాట నేను ధైర్యంగా చెప్పగలను.

అది బట్టలు ఉతికి ఇస్త్రీ చేసే దుకాణం. అక్కడ మగ్‌సలా అంటారు. ఊరు సౌదీకి ఉత్తరపు కొసన, జోర్డాన్ సరిహద్దుకు కూతవేటు దూరంలో ఉంటుంది. ఊరంటే ఒక మసీదు, ఒక బడి, పెట్రోలు బంకు, కిరాణా కొట్టు, ఆలివ్ తోటలు, వాటి వెనక గొర్రెల మందలు, అన్నిటికీ చివర సరిహద్దు సిపాయిల క్యాంపు. చూద్దామని వచ్చేవాళ్ళెవరూ ఉండరు. దారి తప్పి వచ్చినవాళ్ళు కూడా పెట్రోలు పోయించుకుని వెంటనే వెళ్ళిపోతారు. నా ఫోనుకైతే తాను ఏ దేశంలో ఉన్నదో చివరిదాకా తేలలేదు. డాబా మీదికెక్కితే జోర్డాన్ సిగ్నలు, కిందికి దిగితే సౌదీ సిగ్నలు. ఇంటికి మాట్లాడాలంటే వెనక గోడకు ఆనుకుని, మెడ ఒక పక్కకు వంచి నిలబడాలి. ఆ భంగిమలో భార్యతో ఎంతసేపు పోట్లాడగలం? మా కాపురం సజావుగా సాగడానికి అదీ ఒక కారణమే.

నేను పుట్టింది జగిత్యాల దగ్గర పల్లెలో, పసుపు పండించే ఇంట్లో. చదువు అబ్బకపోతే సెంట్రింగు పని నేర్చుకుని రియాద్ వచ్చాను. నితాఖాత్ అనే మాట మొదటిసారి విన్నప్పుడు అదేదో కొత్త రకం సిమెంటు అనుకున్నాను. తర్వాత తెలిసింది, కంపెనీల్లో సౌదీవాళ్ళు ఎంతమంది ఉన్నారో చూసి ప్రభుత్వం రంగులు వేస్తుందని. ఎరుపు వచ్చిన కంపెనీలో ఎవరి అకామా, అంటే అక్కడ ఉండి పనిచేసుకునే పర్మిట్, రెన్యువల్ కాదు. మా కంపెనీకి ఎరుపు వచ్చింది. వేరే కఫీల్, అంటే మనకు పూచీపడే యజమాని, దగ్గరికి మారిపొమ్మన్నారు. కంపెనీ క్యాంపులో ఉన్నవాళ్ళంతా తెలిసినవాళ్ళను పట్టుకుని తలో దిక్కుకూ పోయారు. నాకు దొరికింది ఈ సరిహద్దు ఊరు, ఈ మగ్‌సలా. మా ఇంట్లో నా చొక్కా కూడా నేను ఉతుక్కున్న పాపాన పోలేదు. అలాంటిది మూడొంతుల ఊరి బట్టలు నా చేతికి వచ్చాయి.

అయితే నన్ను తన మీదికి మార్చుకోవాలంటే మా కఫీల్ దుకాణం కూడా పచ్చగా ఉండాలి కదా. అంటే జీతం మీద ఒక సౌదీ మనిషి ఉండాలి. కఫీల్ పేరు అప్పటికే ఆయన ఆలివ్ తోట లైసెన్సుకు లెక్క అయిపోయింది. అందుకని తన మేనమామ పేరు రాయించాడు. మేనమామకు అప్పుడు యాభై దాటుతున్న వయసు. పెళ్ళాం పోయింది, పిల్లలు లేరు, చిన్నప్పటి నుంచీ గొర్రెలు కాశాడు, మోకాళ్ళు అరిగాక ఆ పనీ మానేశాడు. మామా, నువ్వు ఇంట్లోనే కూర్చో, జీతం నీ బ్యాంకులో పడుతుంది అని కఫీల్ చెప్పాడట. దేశమంతా చేస్తున్నది అదే. పేరు కాగితం మీద, మనిషి దిండు మీద.

ఈయన ఊరుకోలేదు. మసీదుకు వెళ్ళి ఇమామును అడిగాడు. పని చేయకుండా తీసుకునే జీతం హలాల్ కాదని ఆయన చెప్పాడు. అంతే, మర్నాడు నేను షట్టరు ఎత్తేసరికి గుమ్మంలో ఒక పొడవాటి మనిషి, చేతిలో కాఫీ కూజా, చంకలో ఖర్జూరాల డబ్బా. ఉద్యోగానికి వచ్చానన్నాడు. కఫీల్ పరుగెత్తుకొచ్చి బతిమాలాడు, కసిరాడు, తల పట్టుకున్నాడు. ఆయన కదల్లేదు. అందరితో పాటు నేనూ ఆయన్ని ‘ఖాల్’ అనేవాణ్ణి, అంటే మామయ్య అనే. ఆయన నన్ను ‘సదీఖ్’ అనేవాడు, స్నేహితుడా అని. అక్కడ మనబోటి పనివాళ్ళందరినీ అలాగే పిలుస్తారు గానీ, ఈయన మాత్రం ఆ మాటను మాటగానే తీసుకున్నాడని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

మామయ్య చేసిన ఉద్యోగం గురించి కొంచెం చెప్పాలి. ఇస్త్రీ ముట్టుకోడు, అది నా పని. మెషీను దగ్గరికి రాడు, అది దయ్యం. ఆయన గుమ్మం దగ్గర చిన్న తివాచీ పరిచి, గ్యాసు పొయ్యి మీద కాఫీ కాచుకుంటూ కూర్చునేవాడు. దుకాణంలోకి వచ్చినవాడు ఆయన దృష్టిలో గిరాకీ కాదు, అతిథి. అతిథి చేతికి వచ్చీరాగానే బట్టల మూట ఇచ్చేస్తే, ఇక బయటికి నడువు అన్నట్టేనట. కాబట్టి ముందు కూర్చోవాలి. కాఫీ తాగాలి. వాళ్ళ నాన్న ఎలా ఉన్నాడో, ఏ గొర్రె ఈనిందో, వాన ఎటు పడిందో చెప్పాలి. అప్పుడు మామయ్య నా వైపు తిరిగి, ఈయన బట్టలేమైనా ఉన్నాయా అని, అప్పుడే గుర్తొచ్చినట్టు అడిగేవాడు. డ్యూటీకి టైమైపోతున్న సరిహద్దు సిపాయిలు యూనిఫాం కోసం వచ్చి, ఒంటి మీద బనీనుతో ఖర్జూరాలు తింటూ కూర్చోవడం నా కళ్ళారా చూశాను. ఇక పైసల మాట ఎత్తితే మామయ్య ముఖం అదోలా అయిపోయేది. తర్వాత, తర్వాత అని చెయ్యి ఊపేవాడు. వాళ్ళు వెళ్ళేదాకా ఆగి, వీధి మలుపు దగ్గర నేను పట్టుకునేవాణ్ణి. ఎన్నిసార్లు తిట్టుకున్నానో. నాకు కోపం తొందరగా వస్తుంది, వచ్చినప్పుడు తెలుగులో వస్తుంది. నేను ఇస్త్రీ పెట్టెతో మాట్లాడుతున్నాననుకుని ఆయన తల ఊపేవాడు.

ఒకసారి లేబర్ ఆఫీసు నుంచి తనిఖీకి ఒకాయన వచ్చాడు. సౌదీ ఉద్యోగి ఎక్కడ అని గద్దించాడు. ఎక్కడ చూసినా ఇప్పుడే బయటికెళ్ళాడు సార్ అనే జవాబు విని విని ఉన్నాడేమో, తివాచీ మీద నిండుగా కూర్చున్న మనిషిని చూసి ఆయనే తడబడ్డాడు. మామయ్య కాఫీ పోసేదాకా ఆయన్ని నోరు విప్పనివ్వలేదు. తాగాక కూడా అడగనివ్వలేదు. మధ్యాహ్నం భోజనానికి తన ఇంటికి లాక్కుపోయాడు. ఆ తర్వాత మా దుకాణానికి తనిఖీలు రాలేదు.

కాఫీ అంటే మన కాఫీ అనుకోవద్దు. పచ్చటి నీళ్ళలాంటి ఏలకుల కషాయం, అందులో చక్కెర వేయడమంటే వాళ్ళకు ఊహకు కూడా రాని సంగతి. నాకది మొదటి గుక్కకే గొంతు దిగలేదు. నేను నా మూల నా గ్లాసులో నా తీపి చాయ్ చేసుకునేవాణ్ణి. ఆయన లోకం ఆయనది, నా లోకం నాది. అలా కొన్నేళ్ళు గడిచాయి. చలికాలం వస్తే ఆ ఊళ్ళో ఎముకలు కొరికే చలి. గొర్రెతోలు లోపలికి పెట్టి కుట్టిన బరువైన అంగీ వేసుకుని మామయ్య గుమ్మంలో కూర్చుంటే, దుకాణానికి రెండో షట్టరులా ఉండేవాడు.

తర్వాత లెవీలు వచ్చాయి. పరాయి దేశపు పనివాణ్ణి పెట్టుకున్నందుకు యజమాని తల ఒక్కింటికి ఇంత అని కట్టాలి, అది ఏటికేడు పెరుగుతుంది. ముందు మంగలి దుకాణం బంగ్లాదేశీ వెళ్ళిపోయాడు. తర్వాత బేకరీ మూతపడింది. మాకు నీళ్ళ ట్యాంకరు తోలే కడప తమ్ముడు ఒకడే మిగిలాడు తెలుగు మాట్లాడడానికి. ఒకరోజు కఫీల్ దుకాణానికి వచ్చి, నా ముఖం చూడలేక ఇస్త్రీ పెట్టె వైపు చూస్తూ చెప్పాడు. దుకాణం మూసేస్తాను, అకామా గడువు ముగిసేలోపు నీకు ఖురూజ్ వీసా కొట్టిస్తాను, ఇక తిరిగి రానక్కర్లేకుండా ఇంటికి వెళ్ళిపో అన్నాడు. చెడ్డవాడు కాదు. కొందరు కఫీళ్ళు ఆ లెవీని పనివాడి జీతంలోంచే గుంజేవాళ్ళు. ఈయన ఆ పని చేయలేక దుకాణమే మూద్దామనుకున్నాడు.

మా బిడ్డ కరీంనగర్‌లో నర్సింగ్ చదువుతోంది. ఇంకా ఒక్క ఏడాది ఉంది. ఊళ్ళో బోరు ఎండి పసుపు వేయడం మానేసి మూడేళ్ళయింది. నా చేతిలో ఉన్న చదువల్లా ఆ ఇస్త్రీ పెట్టె. వెనక గోడకు ఆనుకుని మెడ వంచి ఇంటికి ఫోను చేశాను. మా ఆవిడ అంతా విని, ఏడవకుండా ఒక్క మాట అంది.

"ఎట్లనన్న ఒక్క ఏడాది జరుపుకో. పిల్ల సదువు ఒడ్డుకెక్కినంక నువ్వు ఆడ ఉంటనన్నా నేనే ఉండనియ్య."

ఒక్క ఏడాది. కఫీల్‌ను అడుగుదామని రెండు మూడుసార్లు తోటకు పోయి వచ్చాను. అడగకుండానే తిరిగొచ్చాను. నాకు వచ్చిన అరబ్బీ అంతా కాలర్ల చుట్టూ, గంజి చుట్టూ, మరకల చుట్టూ తిరిగేది. బతిమాలడానికి పనికొచ్చే మాట అందులో ఒక్కటీ లేదు. మామయ్య కూడా ఆ రోజుల్లో ముభావంగా ఉండేవాడు. కాఫీ కాచేవాడు గానీ వాన గురించి అడిగేవాడు కాదు.

వెళ్ళిపోయే మనిషికి భోజనం పెట్టాలని కఫీల్ తండ్రి పిలిచాడు. ఊరికి పెద్ద ఆయనే. ఆయన మాట దాటి కఫీల్ కాదు గదా, ఆ ఊళ్ళో గాలి కూడా వీయదు. అన్నేళ్ళలో ఆ ఇంటికి నేను బట్టల మూటలతో వంద సార్లు వెళ్ళి ఉంటాను, ఎప్పుడూ గుమ్మం దగ్గరే. ఆ సాయంత్రం నన్ను లోపల, పెద్ద హాల్లో, పెద్దాయన కుడిపక్కన కూర్చోబెట్టారు. గోడల పొడవునా గడ్డాల మనుషులు. అందరూ తొడుక్కున్న తోబులు, ఆ పొడవాటి అంగీలు, నేను ఇస్త్రీ చేసినవే. ఏ తోబు ఎక్కడ చిరిగి కుట్టించారో కూడా తెలిసిన నాకు, వాళ్ళ ముఖాల వంక చూడడానికి మాత్రం బెరుకుగా ఉంది.

కాఫీ పోశారు. అతిథిని కాబట్టి మొదటి కప్పు నాకే. చెవి లేని బుల్లి కప్పు, వేళ్ళు కాలుతున్నాయి. అదే చేదు కషాయం. అసలే ఆ రోజంతా ఏమీ తినబుద్ధి కాలేదు. కొంచెం చల్లారనిద్దాం, ఈలోపు భోజనం వస్తే దీన్ని తప్పించుకోవచ్చు అనుకుని కప్పును ముట్టకుండా నా ముందు తివాచీ మీద పెట్టాను.

మాట్లాడుతున్నవాళ్ళు మాట మధ్యలో ఆగారు. కాఫీ పోస్తున్న మనిషి కూజా పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఎదురుగా కూర్చున్న మామయ్య ఒక్కసారిగా వెన్ను నిటారుగా చేసి నా వంక చూశాడు. ఆయన కళ్ళు మెరుస్తున్నాయి. కఫీల్ ముఖం పాలిపోయింది. నాకు ఏమీ అర్థం కాలేదు. తివాచీ మీద ఒలికిందేమోనని కిందికి చూసుకున్నాను. ఒలకలేదు.

పెద్దాయన నా వైపు పూర్తిగా తిరిగి, చాలా మెల్లగా, చాలా మర్యాదగా అడిగాడు.

"నీకేం కావాలి?"

ఇంతమంది పెద్దల మధ్య ఇంటాయన స్వయంగా అడుగుతుంటే, కాఫీ బాగోలేదని ఎలా చెప్పను? ఏదో ఒకటి అనాలి. సిగ్గుపడుతూ చెప్పాను.

"కొంచెం చక్కెర."

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే నాకు అప్పుడే అర్థమయ్యేది. పెద్దాయన రెప్ప కూడా వేయకుండా నన్ను చూసి, గుండె మీద చెయ్యి పెట్టుకుని, ఇచ్చాను, ఇక కాఫీ తాగు అన్నాడు. మామయ్య మాత్రం అరచేత్తో నుదురు కొట్టుకున్నాడు. ఆ చప్పుడు హాలంతా వినిపించింది. లోపలి నుంచి వెండి గిన్నెలో చక్కెర వచ్చింది. ఆ బుల్లి కప్పులో చెంచా పట్టదు. వేలితో కలిపాను. ఊరు ఊరంతా చూస్తుండగా, అన్ని తరాల్లో ఎవడూ చేయని అపచారం నేను చేసి, గటగటా తాగేశాను. చెప్పొద్దూ, బాగుంది.

మర్నాడు పొద్దున్నే కడప తమ్ముడు నీళ్ళ ట్యాంకరు రోడ్డు మీదే ఆపేసి దుకాణంలోకి వచ్చాడు. సంగతి అప్పటికే ఊరంతా పాకింది. వచ్చీరాగానే అందుకున్నాడు.

"ఏందన్నా నువ్వు చేసింది? వీళ్ళ కాడ కాఫీ తాగకుండా కింద పెట్నారంటే, నాకు ఒకటి కావాల, అది ఇచ్చేదాంక తాగను అని లెక్క. ఇయ్యకుంటే ఇంటాయనకు తల కొట్టేసినట్టు. నెత్తురు పంచాయితీలు గూడ ఇట్లనే మాఫీ చేయించుకుంటారు. ఏమడిగినా ఇయ్యాల్సిందే పెద్దాయన. అకామా అడిగింటే ఆన్నే అయిపోయుండు. నువ్వు చక్కెర అడుగుతివి."

నాకేం ఎర్క తమ్మీ, ఏం కావాలన్నడు, చెప్పిన అని గొణిగాను. మళ్ళీ వెళ్ళి ఇంకోసారి కప్పు కింద పెడితే అని అడిగాను. పెడితే ఈసారి బెల్లం ఇస్తారు అన్నాడు. వాడు వెళ్ళాక ఒక తోబు చెయ్యి పక్కన మసి చేసేశాను. బిడ్డ చదువు, ఇంటి ఆశ, నా ఏడాది, అన్నీ తెచ్చి నా ఒళ్ళో పెడితే నేను వాటిని చెంచాడు చక్కెరకు అమ్ముకున్నాను. నా అంత తెలివైనవాడు జగిత్యాల నుంచి జోర్డాన్ దాకా ఇంకొకడు ఉండడు.

ఆ పొద్దు నా చాయ్‌లో చక్కెర వేసుకుంటుంటే మామయ్య, గొర్రెను తోడేలు ఎత్తుకుపోయినప్పుడు చూసే చూపు చూశాడు.

ఇంతలో కఫీల్ పికప్ బండి వచ్చి ఆగింది. అందులోంచి ఒక చక్కెర బస్తా దిగింది. పెద్ద గోనె బస్తా, ఇద్దరు మోస్తే గానీ రాలేదు. పెద్దాయన పంపాడట. నిండు సభలో ఇచ్చానన్న తర్వాత, వెండి గిన్నెలో రెండు చెంచాలు ఇచ్చి సరిపెట్టుకోవడం ఆయన పరువుకు తక్కువ. బస్తాను నా మూలన పెట్టి వెళ్ళిపోయారు. ఖురూజ్ మీద పోయేవాడికి బస్తా చక్కెర. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

మామయ్య బస్తా వంక చాలాసేపు చూశాడు. లేచి దాని చుట్టూ తిరిగాడు, చేత్తో తట్టాడు. తర్వాత కాఫీ కూజా అలాగే వదిలేసి, ఉద్యోగంలో చేరాక మొదటిసారి డ్యూటీ మధ్యలో బయటికి వెళ్ళిపోయాడు. సాయంత్రం అసర్ నమాజు అయ్యాక తిరిగొచ్చాడు. నడకలో మోకాళ్ళ నొప్పి కనిపించలేదు.

ఆయన నేరుగా పెద్దాయన దగ్గరికి వెళ్ళి ఒక ధర్మసందేహం అడిగాడట. కప్పు కింద పెట్టి అడిగినవాడికి మనం ఒకటి ఇచ్చాం. దాన్ని వాడు అనుభవించకముందే ఊళ్ళోంచి పంపేస్తే, ఇచ్చినట్టా, ఇవ్వనట్టా? విమానంలో బస్తా ఎక్కించనివ్వరు. ఇక్కడ పారబోసి పొమ్మంటామా? మన ఇంటి దానం పారబోయించామని రేపు పక్క ఊరివాళ్ళు అనరా? పెద్దాయన గడ్డం నిమురుకుంటూ ఆలోచించాడు. కొడుకును పిలిచాడు. ఆ చక్కెర అయిపోయేదాకా ఆ మనిషి ఈ ఊళ్ళోనే ఉంటాడు, దుకాణం తెరిచే ఉంటుంది, లెవీ సంగతి నేను చూసుకుంటాను అని తేల్చేశాడు. ఆ లెవీ కోసం పెద్దాయన మందలో కొన్ని గొర్రెలు తగ్గాయని తర్వాత విన్నాను.

కఫీల్ దుకాణానికి వచ్చి బస్తా ముందు నిలబడ్డాడు. ఇది ఎన్నాళ్ళకు అయిపోతుంది అని అడిగాడు. నేను ఏదో చెప్పబోయేలోగా మామయ్య అందుకున్నాడు.

"సదీఖ్ చాలా కొంచెం తాగుతాడు."

నా అకామా ఒక ఏడాదికి రెన్యువల్ అయింది. డాబా ఎక్కి, ఖర్చు కూడా చూడకుండా జోర్డాన్ సిగ్నలు మీదే ఫోను చేసేశాను. ఆగలేకపోయాను. మా ఆవిడకు ఎలా అయిందో చెప్పలేదు. చెప్పినా నమ్మేది కాదు.

ఇక ఆ ఏడాది నా అవస్థ వినండి. చక్కెర అయిపోతే నేను అయిపోతాను. అందుకని చాయ్‌లో చక్కెర మానేశాను. మొదటి వారం చాయ్ తాగుతుంటే ఎవరో నన్ను శిక్షిస్తున్నట్టు ఉండేది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర నుంచి గ్లాసుకు మూడు చెంచాలు వేసుకున్నవాణ్ణి. నిండు సభలో సిగ్గు విడిచి చక్కెర అడిగినవాణ్ణి, బస్తా పక్కనే కూర్చుని చేదు నీళ్ళు తాగాను. మామయ్య కాఫీ చేదు, నా చాయ్ చేదు. ఇద్దరం రెండు మూలల్లో ముఖాలు ముడుచుకుని తాగుతుంటే, దుకాణానికి వచ్చినవాళ్ళు మాకు గొడవైందనుకునేవాళ్ళు.

నా కడుపు మండించింది మామయ్య చేసిన ఇంకో పని. వచ్చిన ప్రతి అతిథికీ, కాఫీ అయ్యాక, ఇది సదీఖ్ చక్కెర అని చెప్పి మరీ తీపి చాయ్ పోయడం మొదలుపెట్టాడు. గ్లాసు అడుగున రెండు వేళ్ళ మందాన చక్కెర. ఒక్కో సిపాయి నా బిడ్డ చదువును తాగిపోతున్నట్టు ఉండేది. తెలుగులో ఎన్ని తిట్లున్నాయో అన్నీ ఆ ఏడాది ఇస్త్రీ పెట్టెకు వినిపించాను.

అయితే ఒక వింత జరిగింది. బస్తా తగ్గలేదు. కఫీల్ నెల నెలా వచ్చి మూతి విప్పి చూసేవాడు. ఎప్పుడు చూసినా కొంచెం అటూ ఇటుగా అంతే ఉండేది. ఒకసారైతే పెరిగినట్టు కూడా అనిపించింది. ఆయన మామయ్య వైపు తిరిగితే, మామయ్య ఆకాశం వైపు చూపించి బర్కత్ అనేవాడు, దేవుడిచ్చిన సమృద్ధి అని. నేను పొదుపు చేస్తున్నాను కాబట్టి తగ్గడం లేదని మొదట అనుకున్నాను. తర్వాత నాకూ లెక్క అందలేదు. నేను తాగకపోతే మిగలాలి గానీ పెరగడమేమిటి? ఒక శుక్రవారం అందరూ నమాజుకు పోయాక, ఎందుకైనా మంచిదని బస్తాకు చేతులెత్తి ఒక దండం పెట్టుకున్నాను.

ఏడాది తిరిగొచ్చింది. బిడ్డ పరీక్షలు రాసింది, పాసైంది, కరీంనగర్‌లోనే ఒక ఆసుపత్రిలో చేరింది. మొదటి రోజు తెల్లబట్టలు వేసుకుని ఫోటో పంపింది. బట్టలకు ఇస్త్రీ సరిగ్గా లేదని చెప్పాను, చెప్పి చాలాసేపు ఆ ఫోటోనే చూస్తూ కూర్చున్నాను. నా సంతోషానికి హద్దు లేదు. ఇగ వచ్చెయ్ అంది మా ఆవిడ. నాకు కావలసింది ఒక్క ఏడాది, అది నాకు దొరికింది. ఇంటికి పోతానని మామయ్యకు ముందుగా చెబుదామనుకున్నాను.

ఆ మధ్యాహ్నం దుకాణం మూసి ఉన్న వేళ వెనక తలుపు నుంచి లోపలికి వచ్చాను. బస్తా దగ్గర ఎవరో వంగి ఉన్నారు. మామయ్య. ఒంటి మీద ఆ బరువైన తోలు అంగీ. అంగీ లోపల నుంచి కిరాణా కొట్టు చక్కెర పొట్లం తీసి, చప్పుడు కాకుండా బస్తాలో పోస్తున్నాడు. నన్ను చూసి చెయ్యి ఆగిపోయింది. పొట్లం సగం ఖాళీ అయి ఉంది. బర్కత్ అని చెప్పడానికి నోరు తెరిచాడు గానీ చెప్పలేకపోయాడు.

ఎన్నాళ్ళ నుంచి అని అడిగాను. మొదటి నెల నుంచీ అన్నాడు. అప్పుడు నేను కూడా చెప్పేశాను, నేను ఏడాదిగా చక్కెర ముట్టలేదని. నమ్మలేదు. నా మూలన ఉన్న గ్లాసు తీసి, అందులో మిగిలిన చాయ్ ఒక గుక్క తాగి, చిట్లించిన ముఖంతో నా వంక చూశాడు. ఆయన అతిథులకు ధారపోసిందంతా బస్తా ఖాళీ అవ్వాలని కాదు, ఊరంతా అది నా చక్కెర అని గుర్తుపెట్టుకోవాలని. నేను దాచింది ఆయనకు తెలియదు, ఆయన పోసింది నాకు తెలియదు. ఇద్దరం నవ్వాం. మోకాళ్ళు పట్టుకుని కూలబడి మరీ నవ్వాడు. నాకెందుకింత చేశావు మామయ్యా అన్నాను. ఆయన నవ్వు ఆపి, పొట్లం మడత పెడుతూ, నా వైపు చూడకుండా చెప్పాడు.

"నీకోసమనుకున్నావా? నువ్వు పోతే దుకాణం మూస్తారు. దుకాణం మూస్తే పొద్దున లేచి నేనెక్కడికి పోను?"

ఇంటికి పోతానన్న మాట చెప్పలేదు. బిడ్డ పాసైందని మాత్రం చెప్పాను. ఆయన లేచి నా రెండు భుజాలూ పట్టుకుని ఊపేశాడు. ఆ రోజు వచ్చిన ప్రతివాడికీ, సదీఖ్ కూతురు డాక్టరైంది అని చెప్పాడు. కాదు నర్సు అని నేను సరిదిద్దబోతే, మధ్యలో మాట్లాడొద్దన్నాడు.

రెండు రోజులకు కఫీల్ వచ్చాడు. అకామా గడువు దగ్గర పడిందని ఆయనకూ తెలుసు. మామయ్య తివాచీ మీద కాఫీ కాస్తూ, వినపడనట్టు, మంట సర్దుతూ కూర్చున్నాడు. ఆ మంట అప్పటికే బాగా మండుతోంది.

"చక్కెర అయిపోయిందా?" అని నన్నే అడిగాడు కఫీల్.

మా ఆవిడ గుర్తొచ్చింది. తెల్లబట్టల్లో బిడ్డ గుర్తొచ్చింది. వాళ్ళకు ఏమని చెప్పుకోవాలో, మెడ ఎటు వంచి ఎలా చెప్పాలో తెలియలేదు.

"లేదు సార్, ఇంకా చాలా ఉంది" అన్నాను.

కఫీల్ బస్తా మూతి విప్పి చూడలేదు. రెన్యువల్ చేయించడానికి అకామా కార్డు కోసం చెయ్యి చాపాడు. జేబులోంచి తీసి ఇచ్చాను.